మయసభలో పాఠము

మహాభారతములోని మయసభ కథ వినని తెలుగు బాలుడు అరుదు. మయుడు నిర్మించిన ఆ సభలో నేల నీరువలె కనిపించెను. నీరు నేలవలె కనిపించెను. దుర్యోధనుడు నేలను చూచి నీరనుకొని వస్త్రమును పైకెత్తి నడచెను. నిజమైన నీటిని చూచి నేల యనుకొని అందులో పడెను. చూచినవారు నవ్విరి. నీటిలో పడుటవలన అతనికి కలిగిన నష్టమెంత? బట్టలు తడిసినవి, అంతియే. తడిసిన బట్టలు గడియలో ఆరిపోవును. కాని ఆ నవ్వు రగిల్చిన మంట మాత్రము అతని మనస్సులో ఆరలేదు. తరువాత జరిగిన అనర్థములకు ఆ నవ్వు కూడ ఒక కారణమని పెద్దలు చెప్పుదురు.

ఈ కథను ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుటకు కారణము కలదు. నేడు మనుష్యులు మరియొక విధమైన మయసభను నిర్మించుచున్నారు. దానికి వర్చువల్ రియాలిటీ యని పేరు. కల్పిత వాస్తవమని మనము చెప్పుకొనవచ్చును. చాలమంది దానిని ఆటవస్తువుగనే ఎరుగుదురు. కాని టీ కాచుట, వీధి దాటుట, అంగడిలో సరకు కొనుట, బస్సెక్కుట మున్నగు నిత్యజీవితపు పనులను మేధోవైకల్యము గలవారికి ఆ కల్పిత లోకములో నేర్పుటకు ముప్పది యేండ్లుగ కొన్ని దేశములలో ప్రయత్నములు జరుగుచున్నవి. ఈ ప్రయత్నము మంచిదా, కాదా? మంచిదైనచో దానిని ఎట్లు వాడవలెను? ఇదియే మన విచారణ.

ముందుగా ఆ యంత్రము ఎట్టిదో చూతము. మనకు రెండు కన్నులు కలవు. ఒకే వస్తువు ఒక్కొక్క కంటికి కొంచెము వేరుగ కనిపించును. ఆ రెండు దృశ్యములను మెదడు ఒక్కటిగ కలుపుకొని, ఏది దగ్గర నున్నదో ఏది దూరమున నున్నదో గ్రహించును. ఈ యంత్రము పెద్ద కళ్లజోడువలె కన్నులను కప్పివేసి, ఒక్కొక్క కంటికి వేరువేరు చిత్రమును చూపును. తల కుడికి త్రిప్పినచో చిత్రము కూడ అందుకు తగినట్లు మారును. అందువలన చూచువానికి తాను బొమ్మను చూచుచున్నట్లు గాక, ఆ బొమ్మలోనే నిలిచియున్నట్లు తోచును. అమెరికాలో ఇవాన్ సదర్లాండ్ అను శాస్త్రజ్ఞుడు 1968లో ఇట్టి సాధనమునొకదానిని తయారు చేసెను. అది మిక్కిలి బరువైనది. పైకప్పునుండి వ్రేలాడదీయవలసి వచ్చెను. నేడు అట్టి సాధనమును ఒక చేతితో ఎత్తి తలకు తగిలించుకొనవచ్చును.

ఇక మేధోవైకల్యము గలవారెవరు? విషయమును అర్థము చేసికొనుట, ఆలోచించి నిర్ణయించుట, నిత్యకృత్యములను తమంత తాము నిర్వహించుకొనుట అను విషయములందు బాల్యమునుండియే కొంత పరిమితి కలవారు. ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, ఎవరి తప్పును కాదు. ఇట్టివారు నేర్చుకొనలేరని అనుకొనుట పొరపాటు. వారు నేర్చుకొందురు, కాని నెమ్మదిగ నేర్చుకొందురు. ఒకసారి చెప్పినచో మనకు చాలును. వారికి ఏబదిసార్లు చూపవలసి యుండవచ్చును. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమున ఇట్టివారు సుమారు 15 లక్షలమంది యని నమోదైనది. 2016లో మన పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టము, ఇతరులతో సమానముగ జీవించుటకు వీరికి హక్కు కలదని చెప్పుచున్నది.

మా వీధిలో ఒక బాలుడు కలడు. అతనికి పదునారేండ్లు. మనుష్యులను గుర్తుపట్టుటలో అతనికి సాటి లేరు. ఎన్నడో ఒకసారి వచ్చిన చుట్టమును సైతము పేరు పెట్టి పలుకరించును. కాని అతడు ఒంటరిగ వాకిలి దాటి ఎరుగడు. వీధి చివర కిరాణా కొట్టు కలదు. మధ్యలో బస్సులు తిరుగు రోడ్డు కలదు. తల్లి అతనిని ఆ రోడ్డు దాటనీయదు, పొయ్యి దగ్గరకు పోనీయదు, కత్తిపీటను ముట్టనీయదు. ఆమెది అపారమైన ప్రేమ. అందులో సందేహము లేదు. ఒకనాడు ఆమె నాతో ఇట్లనెను: “అన్నయ్యగారూ, నేనున్నన్నాళ్లు వాడికి ఏ లోటూ లేదు. నేను పోయిన తరువాత వాడి గతి ఏమిటో అదే నా దిగులు.”

ఈ మాట విన్నప్పటినుండి నాకు ఒక సంగతి స్పష్టమైనది. ఆ తల్లి భయమును, ఆ తల్లి దిగులును ఒకదానినొకటి పెంచుచున్నవి. పొయ్యి కాలునని భయపడి ఆమె అతనికి టీ కాచుట నేర్పలేదు. నేర్పలేదు గనుక అతనికి రాదు. రాదు గనుక తన తరువాత ఏమగునో యని దిగులు. ఈ చిక్కుముడిని ఎక్కడ విప్పవలెను? నేర్పుటకు భయము లేని చోటు ఒకటి ఉన్నచో అక్కడ విప్పవచ్చును. కల్పిత లోకము అట్టి చోటు కాగలదని నా అభిప్రాయము.

అబద్ధపు పనితో నిజమైన పనిని నేర్పుట క్రొత్త విద్య కాదు. మన ఇండ్లలో పిల్లలు లక్కపిడతలతో ఆడుకొనుట మీరెరుగుదురు. ఏటికొప్పాకలో చేసిన ఆ రంగురంగుల పిడతలలో బియ్యము లేకుండనే అన్నము వండుదురు. నిప్పు లేకుండనే పొయ్యి వెలిగింతురు. బొమ్మరిల్లు కట్టి అతిథులను పిలుతురు. ఆ ఆటలో వారికి తెలియకుండనే వంటింటి క్రమము పట్టుబడును. లక్కపిడతల వంటిల్లు కూడ ఒక కల్పిత లోకమే కదా!

విద్యావేత్తలు కూడ ఈ మార్గమును ఎన్నడో గుర్తించిరి. ఫ్రాన్సు దేశములో ఎడ్వార్డ్ సెగ్విన్ అను వైద్యుడు పందొమ్మిదవ శతాబ్దిలోనే, బుద్ధి వికసింపని పిల్లలు ఇంద్రియములకును కండరములకును తగిన అభ్యాసమిచ్చినచో నేర్చుకొనగలరని చూపెను. ఆయన గ్రంథములను చదివి మేరియా మాంటిసోరి రోము నగరములో అట్టి పిల్లలకే మొదట పాఠములు చెప్పెను. చొక్కా తొడుగుకొని గుండీలు పెట్టుకొనుట పిల్లలకు కష్టమని ఆమె ఒక కొయ్యచట్రమునకు రెండు గుడ్డముక్కలను బిగించి, వానికి గుండీలు కుట్టించెను. పిల్లలు ఆ చట్రముపై గుండీలు పెట్టుటయు తీయుటయు అభ్యసించి, పిదప తమ చొక్కాలకు పెట్టుకొనిరి. ఆ మాంటిసోరియే 1939లో మన దేశమునకు వచ్చి మద్రాసులోని అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను.

విమానము నడుపువారి కథ మరింత తేటయైన నిదర్శనము. ఎడ్విన్ లింక్ అను అమెరికా దేశీయుని తండ్రి ఆర్గన్ వాద్యములను తయారు చేయువాడు. ఆ వాద్యములలోని తిత్తుల సహాయముతోనే లింక్ 1929లో, నేలమీదనే నిలిచి అటునిటు ఒరుగు ఒక నకిలీ విమానమును నిర్మించెను. మొదట దానిని చాలమంది సంతలోని వినోదవస్తువుగ భావించిరి. 1934లో అమెరికా సైనిక వైమానికులు టపా మోయుచు, సరిగ కానరాని వాతావరణములో చిక్కి పలువురు మరణించిరి. అప్పుడుగాని ఆ యంత్రపు విలువ సైన్యమునకు తెలియలేదు. నాటినుండి నేటివరకు విమానచోదకుడు ముందు నకిలీ విమానములో తప్పులు చేసి, తరువాత నిజమైన విమానము నెక్కుచున్నాడు. అతనిని చూచి ఎవ్వరును నవ్వరు. విమానము నడుపువానికి తగిన పద్ధతి, వీధి దాటవలసిన బాలునికి ఏల తగదు?

ఇంగ్లండు దేశములోని నాటింగ్‌హామ్ నగరములో 1990 దశాబ్దిలో ఈ ప్రశ్ననే వేసికొనిరి. అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు, తీవ్రమైన మేధోవైకల్యము గల పిల్లలు చదువు షెపర్డ్ పాఠశాలతో కలిసి పని చేసిరి. కంప్యూటరులో ఒక సూపర్ మార్కెట్టును కల్పించిరి. విద్యార్థులు తెరమీద ఆ అంగడిలో తిరుగుచు, కావలసిన సరకులను వెదకి తీసికొనుట అభ్యసించిరి. పిదప వారిని నిజమైన అంగడికి తీసికొనిపోయిరి. కల్పిత అంగడిలో అభ్యసించినవారు, అట్లు అభ్యసింపని వారికంటె త్వరగ, తక్కువ తప్పులతో సరకులు తెచ్చిరి. 1996లో ఈ ఫలితమును ప్రకటించిరి. తరువాత ఇల్లు, కాఫీ హోటలు, బస్సు ప్రయాణము, అంగడి గల ఒక కల్పిత నగరమునే నిర్మించిరి. అందులో ఏ పనులు నేర్పవలెనో నిర్ణయించుటకు మేధోవైకల్యము గలవారినే పిలిచి వారి అభిప్రాయములను తెలిసికొనిరి. ఈ చివరి సంగతి నాకు మిక్కిలి నచ్చినది. నేర్చువానికి ఏమి కావలెనో నేర్చువానిని అడుగుటకంటె మంచి పద్ధతి ఏది?

ఇట్టి పాఠములో గల సుగుణములను ఆలోచింతము. మొదటిది, తప్పు చేసినను హాని లేదు. కల్పిత గ్యాసు పొయ్యి చేయి కాల్చదు. కల్పిత బస్సు ఎవరిని గుద్దదు. రెండవది, యంత్రము విసుగుకొనదు. నూరవసారి చూపునప్పుడు కూడ మొదటిసారి చూపినట్లే చూపును. ఎంత ఓర్పు గల తల్లికైనను, గురువుకైనను ఇది సాధ్యమా? మూడవది, కష్టమును కొంచెము కొంచెముగ పెంచవచ్చును. నిజమైన రోడ్డుమీద వాహనములను మన కొరకు ఎవరును ఆపరు. కల్పితమైన రోడ్డుమీద మొదట ఒక్క బండియు లేకుండ చేయవచ్చును. మరునాడు ఒక సైకిలు. ఆ మరునాడు ఒక ఆటో. పది దినముల తరువాత హారనుల మ్రోతతో కూడిన సంత వీధి. నాల్గవది, ఒక పనిని చిన్న చిన్న మెట్లుగ విడగొట్టి చూపవచ్చును. టీ కాచుట మనకు ఒక పని. కాని గిన్నె తీయుట, నీరు పోయుట, పొయ్యి వెలిగించుట, టీపొడి వేయుట, పాలు పోయుట, చక్కెర వేయుట, పొయ్యి ఆర్పుట, వడపోయుట అని విడగొట్టి చూచినచో అది ఎనిమిది పనులు. ఏ మెట్టు దగ్గర బాలుడు ఆగిపోవుచున్నాడో గురువునకు తేటగ తెలియును.

అన్నిటికంటె గొప్ప సుగుణము ఐదవది. అక్కడ నవ్వువారు లేరు. దుర్యోధనుడు పడినప్పుడు చుట్టును జనము లేకున్నచో అతడు లేచి, బట్టలు పిండుకొని, ముందుకు నడచియుండెడివాడు. మేధోవైకల్యము గల బాలుడు అంగడిలో చిల్లర లెక్కించుటకు తడబడినప్పుడు వెనుక నిలిచినవారి నిట్టూర్పులు అతనికి వినబడవా? వినబడును. ఆ నిట్టూర్పులే అతనిని మరల ఇంటిలో కూర్చుండబెట్టుచున్నవి.

అయినను ఆక్షేపణలు లేకపోలేదు. వానిని కప్పిపుచ్చుట న్యాయము కాదు. గట్టున కూర్చుండి ఎవరును ఈత నేర్వలేదని కొందరందురు. ఇది సత్యమే. కల్పిత వంటింటిలో ఆవిరి వేడి చేతికి తగులదు. గిన్నె బరువు తెలియదు. పాలు పొంగు వాసన రాదు. అక్కడ నేర్చినదంతయు ఇక్కడికి దానంతట అది నడచి రాదు. కావున కల్పిత పాఠము వెంటనే నిజమైన పాఠము ఉండి తీరవలెను. ఉదయము యంత్రములో రోడ్డు దాటినవాడు సాయంకాలము గురువు చేయి పట్టుకొని నిజమైన రోడ్డు దాటవలెను. కొన్ని దినములకు ఆ చేయి వదలవలెను. మాంటిసోరి చట్రము చొక్కాకు దారి చూపినది. చట్రముతోనే పాఠము ఆగలేదు.

ఈ సాధనము ధనవంతులకే గాని బీదలకు అందదని మరికొందరందురు. వెల కొంత భారమే. అయినను నాటింగ్‌హామ్‌లో మొదట వాడినది తలకు తగిలించు యంత్రము కాదు. సాధారణమైన కంప్యూటరు తెరయే. 2014లో గూగుల్ సంస్థ అట్టతో చేసిన ఒక చిన్న పెట్టెను చూపినది. అందులో చేతిఫోను నుంచి చూచినచో కొంతవరకు ఆ అనుభవమే కలుగును. ఇంటికొక యంత్రము అవసరము లేదు; మండలమునకొక పాఠశాలలో ఉన్నను పలువురకు ఉపకరించును. గ్రంథాలయములు ఇంటికొకటి లేకున్నను ఊరికి వెలుగు నిచ్చుటలేదా?

ఆరోగ్యమును గూర్చిన ఆక్షేపణ మరింత గట్టిది. ఈ కళ్లజోడు పెట్టుకొన్న కొందరికి తల తిరుగును, కడుపులో వికారము కలుగును. మూర్ఛవ్యాధి గలవారు వైద్యుని అడుగకుండ దీనిని వాడరాదు. కన్నులు మూసివేసినట్లుండుట కొందరికి భయము కలిగించును. భయపడువానికి బలవంతముగ తగిలించుట పాఠము కాదు, శిక్ష. అట్టివానికి తెరమీది చిత్రము చాలును. అదియును వలదన్నచో లక్కపిడతలు ఉండనే యున్నవి.

మరియొక లోపము మన దేశమునకు సంబంధించినది. విదేశములలో తయారైన కల్పిత వీధులలో బండ్లు వరుస తప్పవు. కాలిబాటలు విశాలముగ నుండును. యంత్రము ఆంగ్లములో పలుకును. మన బాలునికి ఆ వీధితో ఏమి పని? అతనికి కావలసినది ఆర్టీసీ బస్సు ఫలకముమీద తన ఊరి పేరును గుర్తించుట. కండక్టరునడిగి టికెట్టు తీసికొనుట. రైతుబజారులో కూరగాయలు బేరమాడుట. ఆవు అడ్డము వచ్చినప్పుడు ఆగుట. కావున మన పాఠములను మనమే, మన వీధులను చూచి, తెలుగులో తయారు చేసికొనవలెను. ఇందుకు మనకు ఆధారము లేకపోలేదు. ఇట్టివారి విద్యాశిక్షణల కొరకు కేంద్రప్రభుత్వము 1984లో స్థాపించిన జాతీయ సంస్థ సికింద్రాబాదులోని మనోవికాస్ నగరులోనే కలదు. ప్రత్యేక విద్యాబోధకులకు అక్కడ శిక్షణ లభించుచున్నది. మన రాష్ట్రములలో కంప్యూటరు విద్య నేర్చిన యువకులకును కొదువ లేదు. బోధకుల అనుభవము, యువకుల నేర్పు, తల్లిదండ్రుల కోరిక కలిసినచో పని జరుగును.

కాని ఒక భయము నన్ను విడుచుటలేదు. యంత్రము వచ్చినది గదా యని మనుష్యులు తప్పుకొందురేమో! బాలుని తలకు కళ్లజోడు తగిలించి, గదిలో కూర్చుండబెట్టి, ఎవరి పని వారు చూచుకొన్నచో అది విద్య కాదు. క్రొత్త విధమైన చెర. యంత్రము ఓర్పుతో చూపగలదు గాని, “భేష్, సాధించితివి!” అని భుజము తట్టలేదు. ఆ తట్టుటలోనే సగము విద్య కలదు. గురువునకు యంత్రము సహాయముగ రావలెను గాని గురువునకు బదులుగ రారాదు.

1972లో రాబర్ట్ పెర్స్కే అను అమెరికా దేశీయుడు ఒక వ్యాసములో గొప్ప సంగతి చెప్పెను. కొంత అపాయమును ఎదుర్కొనుట మనుష్యుని గౌరవములో భాగమనియు, ఏ అపాయమును తగులనీయకుండ కాపాడినచో వారి గౌరవమును హరించినట్లే యనియు ఆయన భావము. మనమందరమును పడి లేచియే సైకిలు నేర్చితిమి. చేయి చురుక్కుమనిన తరువాతనే పొయ్యి దగ్గర జాగ్రత్త నేర్చితిమి. ఆ హక్కు వారికి మాత్రము ఏల లేదు? కల్పిత లోకము వారి తొలి తప్పులకు మెత్తని నేల. అక్కడ ధైర్యము సంపాదించుకొని వారు నిజలోకమునకు రావలెను. ఇక్కడ కూడ వారు తప్పులు చేయుదురు. ఆ తప్పులు చేయనిచ్చుటయే మనము వారికి చూపు గౌరవము.

విద్యార్థులారా, యంత్రములను తెప్పించుట మీ చేతిలో లేదు. కాని ఈ విద్య ఫలించుటయో ఫలింపకపోవుటయో చాలవరకు మీ చేతిలోనే యున్నది. మేధోవైకల్యమునకు పూర్వము వాడిన పేర్లు ఒక్కొక్కటియే తిట్లుగ మారిపోయినవి. అట్టి మాటను మీ నోట రానీయకుడు. అంగడిలో మీ ముందున్నవాడు చిల్లర నెమ్మదిగ లెక్కించుచున్నచో ఒక నిమిషము ఆగుడు. బస్సులో ఒకడు దిగవలసిన చోటును పదిసార్లు అడిగినచో పదునొకండవసారియు చెప్పుడు. అతని బదులు మీరే పని చేసివేయకుడు; అతడు అడిగినప్పుడు సాయము చేయుడు.

మా వీధి బాలుడు ఇంకను రోడ్డు దాటలేదు. అతనికి యంత్రమును చూపినవారు ఎవరును లేరు. అయినను ఈ సంగతులన్నియు నేను చెప్పిన తరువాత అతని తల్లి ఒక మార్పు చేసినది. ప్రతిదినము సాయంకాలము అతనిని రోడ్డు అంచువరకు తీసికొనిపోయి, “ఏ బండి వచ్చుచున్నదో చెప్పు నాయనా” అని అడుగుచున్నది. అతడు చెప్పుచున్నాడు. కొట్టువాడు ఆవలి ప్రక్కనుండి చేయి ఊపి పలుకరించుచున్నాడు. ఏదో ఒకనాడు ఆ బాలుడు చీటీ పట్టుకొని ఒంటరిగ ఆ కొట్టుకు చేరును. చక్కెరకు బదులు ఉప్పు తెచ్చినను తేవచ్చును. ఆనాడు ఆ వీధిలో నిలిచి చూచువారు నవ్వకుందురు గాక!